కంప్యూటరు లెక్కకు కూడా తనిఖీ కావాలి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17వ తేదీన మనం నకారా కేసు తీర్పును తలచుకుంటాము. పెన్షను ఎవరి దయా కాదు, ఉద్యోగి హక్కు అని 1982లో సుప్రీంకోర్టు చెప్పిన రోజు అది. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ సభలో పలువురున్నారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన పని వేరు. మన సంఘ కార్యాలయంలో ఎరియర్సు లెక్కవేసే కంప్యూటరు ప్రోగ్రామును నమ్మవచ్చునా, నమ్మితే ఏ ఆధారం మీద నమ్మాలి అన్నది చెప్పమన్నారు. పావుగంట ఇచ్చారు. గుమాస్తాకు నోటు క్లుప్తంగా రాయడం అలవాటే గాని క్లుప్తంగా మాట్లాడడం అలవాటు లేదు. కొంచెం ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాను.

ఆ ప్రోగ్రాము సంగతి తెలియనివారి కోసం ముందుగా రెండు మాటలు. మన కోశాధికారిగారి మనవడు సెలవుల్లో వచ్చి రాసిపెట్టాడు. పైసా తీసుకోలేదు. మూల పెన్షను, రిటైరైన తేదీ, కమ్యుటేషను సొమ్ము ముట్టిన తేదీ, కరువు భృతి శాతం ఇస్తే ఏ నెలకు ఎంత రావాలి, ఎంత వచ్చింది, తేడా ఎంత అని ఒక పట్టీ తయారుచేసి ఇస్తుంది. ఆ పట్టీ పట్టుకునే మీలో చాలామంది సబ్ ట్రెజరీ మెట్లు ఎక్కుతున్నారు.

ఇది మన మనవలు ఫోనులో చూసే రంగుల ప్రోగ్రాముల వంటిది కాదు. బొమ్మలుండవు, నొక్కే బటన్లుండవు. నల్లటి తెర మీద ఒక్క వరుసలో ఆజ్ఞ టైపు చేయాలి. దీనిని కమాండ్ లైన్ ప్రోగ్రాము అంటారు. నాకు చూడగానే మన రికార్డు రూము గుర్తుకొచ్చింది. ఫలానా సంవత్సరం, ఫలానా ఫైలు అని చీటీ రాసి పంపితే అటెండరు ఫైలు తెచ్చేవాడు, లేదా "లేదండీ" అని వచ్చేవాడు. ఇదీ అంతే. చీటీ ఇస్తాము, జవాబు వస్తుంది.

ఆ జవాబు మూడు విధాలుగా వస్తుంది. ఈ సంగతి తెలిశాకనే నాకు ఈ విద్య మీద గౌరవం కలిగింది. మొదటిది అసలు సమాధానం, అంటే మన పట్టీ. రెండవది ఫిర్యాదు. "ఈ తేదీ తప్పు", "ఈ ఫైలు దొరకలేదు" వంటివి పట్టీలో కలిసిపోకుండా వేరే దారిన వస్తాయి. మూడవది తెర మీద కనిపించనిది. పని ముగించి వెళుతూ ప్రోగ్రాము ఒక అంకె వదిలిపెట్టి పోతుంది. అది సున్నా అయితే పని సవ్యంగా జరిగినట్టు, మరే అంకె అయినా జరగనట్టు. బడిలో సున్నా వస్తే వీపు విమానం మోత మోగిన తరం మనది. మరి ఇక్కడ సున్నా ఎలా మంచిదయింది? మా మనవరాలిని అడిగాను. అది బెంగుళూరులో ఇదే ఉద్యోగం చేస్తున్నది. "పని సరిగ్గా జరగడం ఒకే విధంగా జరుగుతుంది తాతయ్యా, చెడిపోవడానికే వంద కారణాలు. ఒక్కో కారణానికి ఒక్కో నంబరు కావద్దూ" అన్నది.

ఇప్పుడు తనిఖీ విషయానికి వస్తాను. ఈ విధమైన ప్రోగ్రామును తనిఖీ చేయడం చాలా సులభం. ఒక చీటీ, దానికి రావలసిన సరియైన జవాబు ముందే రాసి ఒక జతగా దాచుకుంటాము. అటువంటి జతలు మా దగ్గర ఇప్పుడు 112 ఉన్నవి. ఇంకొక చిన్న ప్రోగ్రాము వాటిని ఒక్కొక్కటిగా అసలు ప్రోగ్రాముకు అందించి, వచ్చిన జవాబును మనం రాసిపెట్టిన జవాబుతో అక్షరం అక్షరం పోల్చి, వదిలివెళ్ళిన అంకెను కూడా చూసి, సరిపోయింది లేదా సరిపోలేదు అని వరుసగా చెబుతుంది. తేడా ఎక్కడుందో చూపే పనిముట్టు పేరు డిఫ్. 1970లలో అమెరికాలోని బెల్ లేబరేటరీస్ వారు యూనిక్స్ కోసం తయారుచేసినది ఇప్పటికీ వాడుకలో ఉన్నది. 112 జతలూ చూడడానికి మా పాత కంప్యూటరుకు పట్టేది పది సెకండ్లు. పాతికేళ్ళు బిల్లులు సరిచూసిన నాకు ఇది కళ్ళతో చూసినా నమ్మశక్యం కాలేదు.

అయితే ఆ 112 జవాబులు ఎక్కడి నుంచి వచ్చినవి? మొత్తం విషయం ఇందులోనే ఉన్నది గనుక ఇక్కడ కొంచెం ఆగుతాను.

కుర్రవాడు మొదట చేసినదేమంటే, ప్రోగ్రామునే నడిపి, వచ్చిన జవాబులనే సరియైనవిగా దాచిపెట్టాడు. మర్నాడు మళ్ళీ నడిపితే అన్నీ సరిపోయినవి. సరిపోక ఏం చేస్తాయి! బ్యాంకు పాసు పుస్తకంలోని నిల్వను చూసి నగదు పుస్తకంలో ఎక్కించుకుని, రెండూ టాలీ అయినవని సర్టిఫికెట్టు రాసినట్టున్నది. మన శాఖ లెక్కలను ట్రెజరీ లెక్కలతో నెలనెలా ఎందుకు సరిపోల్చేవారము? ఆ రెండూ వేరు వేరు చేతులు రాసినవి కాబట్టి. ఇదే మాట అన్నాను. కుర్రవాడు మంచివాడు, నొచ్చుకోలేదు. "అయితే రెండో చెయ్యి మీదే కావాలి మాస్టారూ" అన్నాడు. నేను మాస్టారిని కాను గాని వాడికి తెల్ల వెంట్రుకలున్న వారందరూ మాస్టార్లే.

అప్పుడు పెన్షను సెక్షనులో పనిచేసిన ముగ్గురం కూర్చున్నాము. నలభై రకాల కేసులు తీసుకున్నాము. ఒకరి కాగితం ఒకరు చూడకుండా ముగ్గురం చేత్తో లెక్క వేశాము. అయిదు కేసులలో ముగ్గురికీ ఒకే జవాబు రాలేదు. ఎవరి కూడికా తప్పు కాదు. నిబంధననే వేరు వేరుగా చదువుకున్నాము. ఉత్తర్వులు తీసి, అందరికీ సమ్మతమైన అర్థం తేల్చి, తేదీ వేసి సంతకాలు పెట్టాక గాని ఆ అయిదూ పరీక్షలలో చేరలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో తేలని విషయాలు ఒక యంత్రానికి ప్రశ్నపత్రం తయారుచేయబోయి తేలినవి. నాకైతే కంప్యూటరు చేసిన లెక్కకంటే ఈ లాభమే పెద్దదిగా తోచింది.

కేసులు ఎన్నుకోవడంలో గుమాస్తా బుద్ధి బాగా పనిచేస్తుంది. మామూలు కేసు ఎవరైనా సరిగ్గా చేస్తారు. సందేహం ఎప్పుడూ అంచుల దగ్గరే. నెల మొదటి తేదీన పుట్టినవారు అంతకు ముందు నెల ఆఖరి రోజున రిటైరవుతారని మనకందరికీ తెలుసును. 58 ఏళ్ళ వయోపరిమితి ఉన్న రోజులలో 1950 జూలై 1న పుట్టిన ఉద్యోగి 2008 జూన్ 30న దిగిపోతే, జూలై 2న పుట్టినవాడు జూలై 31 దాకా ఉన్నాడు. ఒక్క రోజు తేడాకు ఒక నెల జీతం. కాబట్టి ఆ రెండు తేదీలూ జంటగా పరీక్షలో పెట్టాము. 1950 మార్చి 1న పుట్టినవారిని కూడా పెట్టాము. వారు రిటైరు కావలసింది 2008 ఫిబ్రవరి 29న. ప్రోగ్రాము ఈ మూడింటినీ సరిగ్గానే చెప్పింది.

కాని ఫిబ్రవరి 29 ఇంకొకచోట దెబ్బ తీసింది. కమ్యుటేషను కోత పదిహేనేళ్ళు నిండాక ఆగి పూర్తి పెన్షను పునరుద్ధరణ కావాలి గదా. ఒకరికి కమ్యుటేషను సొమ్ము 2008 ఫిబ్రవరి 29న, శుక్రవారం నాడు ముట్టినదనుకోండి. పదిహేనేళ్ళు కలిపితే 2023 ఫిబ్రవరి 29 అవుతుంది. క్యాలెండరులో అటువంటి రోజే లేదు. ఈ ప్రోగ్రాము పైథాను అనే భాషలో రాసినది. అందులో తేదీకి సంవత్సరాన్ని మాత్రం మార్చే ఆజ్ఞ ఒకటున్నది. అది ఆ లేని రోజును చూసి ఒప్పుకోక ప్రోగ్రామును అక్కడికక్కడే నిలిపివేసింది. 2023 ఫిబ్రవరి 28తో పదిహేనేళ్ళు నిండినవి, మార్చి 1 నుంచి పూర్తి పెన్షను ఇవ్వాలి అని మేము రాసిన జవాబు పక్కన ఫిర్యాదు కాగితం, సున్నా కాని అంకె వచ్చి నిలబడ్డవి. సరిదిద్దడం అయిదు నిమిషాల పని. నన్నడిగితే అది మంచి తప్పు. నేను పడ్డాను అని అరిచి చెప్పే తప్పు మంచిది.

చెడ్డ తప్పు రెండవది. అది అరవలేదు. యాభై పైసలు, అంతకు మించితే పై రూపాయికి సవరించమని మేము నిబంధన ఇచ్చాము. పెన్షను 24,850 రూపాయలు, కరువు భృతి నూటికి 33 అనుకోండి. 8,200 రూపాయల 50 పైసలు వస్తుంది. మా ముగ్గురి కాగితాలలోనూ 8,201 అని ఉన్నది. ప్రోగ్రాము 8,200 అన్నది. ఓహో, పైసలు వదిలేస్తున్నదని అనుకున్నాము. ఇంకొక కేసు చూడగా పెన్షను 24,950, అదే శాతం, 8,233 రూపాయల 50 పైసలు. దీనికి మాత్రం 8,234 అని సరిగ్గా చెప్పింది! ఒకరికి రూపాయి కోసి ఒకరికి కోయకపోవడం ఏమిటని కుర్రవాడు కూడా తల పట్టుకున్నాడు.

కారణం విన్నాక ఆశ్చర్యపోయాను. పైథానులో రూపాయికి సవరించడానికి వాడిన రౌండ్ అనే ఆజ్ఞ, సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరలోని సరిసంఖ్య వైపు మొగ్గుతుందట. 8,200 సరిసంఖ్య కనుక కిందికి దిగింది. 8,233 బేసి కనుక పైకి 8,234కు వెళ్ళింది. వేలకొలది లెక్కలు కూడినప్పుడు అన్ని సగాలూ ఒకే వైపు పోయి మొత్తం పెరిగిపోకుండా ఉండడానికి పెట్టిన పద్ధతి. శాస్త్రజ్ఞులకు అది న్యాయమే. మన నిబంధనకు కాదు. ఇది ఏ ఫిర్యాదూ చేయలేదు, చక్కగా సున్నా అంకె వదిలి వెళ్ళింది. చేత్తో వేసిన లెక్క పక్కన లేకపోతే ఎన్నటికీ బయటపడేది కాదు.

రూపాయికింత రభసా అని వెనుక వరుసలో ఎవరో అంటున్నారు. అయ్యా, మీరు బిల్లుల సెక్షనులో పనిచేయలేదని తెలుస్తున్నది. రూపాయి తేడాకు బిల్లు అభ్యంతరంతో వెనక్కి వస్తే మళ్ళీ వెళ్ళవలసింది ఎనభై రెండేళ్ళ మనిషి, ఆటోకు రానూపోనూ డబ్బు పెట్టుకుని.

రూపాయితో పోనివి కూడా ఉంటవి. పేరు చెప్పను, ఏ ఊరో కూడా చెప్పను. మనకు తెలిసిన ఒక సోదరీమణికి పెంచిన రేటు కుటుంబ పెన్షను నిర్ణీత కాలం దాటాక కూడా కొన్నేళ్ళపాటు జమ అవుతూ వచ్చింది. ఆపవలసిన తేదీని చూసుకోవలసినది కంప్యూటరు, దానిని పెట్టుకున్న కార్యాలయం. ఒక రోజు లక్షకు పైగా తిరిగి కట్టమని కాగితం వచ్చింది. అంత మొత్తం ఎలా తేలిందని అడగడానికి వెళితే కౌంటరులోని అబ్బాయి "కంప్యూటరు చూపిస్తోందమ్మా" అన్నాడు తప్ప లెక్క కాగితం చేతికి ఇవ్వలేకపోయాడు. ఆమె ఒకనాడు కూడా ఎక్కువ అడిగినది కాదు. వాయిదాల మీద ఇప్పటికీ కడుతున్నారు. ఇటువంటి తేదీలు, అంటే ఆగవలసిన రోజు, దానికి ముందు రోజు, తరువాతి రోజు, మూడూ ఇప్పుడు మన 112లో ఉన్నవి.

కంప్యూటరు చూపిస్తోంది అన్న మాటకు బ్రిటన్ పోస్టాఫీసులలో ఎంత మూల్యం చెల్లించారో మీరు పత్రికలలో చదివే ఉంటారు. అక్కడ 1999 నుంచి హొరైజన్ అనే లెక్కల ప్రోగ్రాము పెట్టారు. ఫుజిట్సు కంపెనీ సరఫరా చేసినది. నగదు తక్కువ అని అది చూపిన లెక్కల ఆధారంగా 2015 లోపల తొమ్మిది వందల మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు నడిచినవి. కొందరు జైలుకు పోయారు. ప్రోగ్రాములో లోపాలున్నవని 2019లో లండను హైకోర్టు చెప్పింది. శిక్షలు రద్దు చేయడానికి 2024లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. అది మన నల్లతెర వంటి చిన్న ప్రోగ్రాము కాదు, కేవలం పరీక్షలతో తీరేది కూడా కాదు. లోపం ఉన్నదని చెప్పినవారి మాట వినకపోవడమే పెద్ద నేరం. కాని మనవంటి గుమాస్తాలే అక్కడ బలి అయినారు గనుక చెప్పకుండా ఉండలేకపోయాను.

పరీక్షలు పెట్టేవారు పాటించే నియమాలు కొన్ని మన ఆఫీసు నియమాలే. నగదు పుస్తకం మొదటి పేజీలో "ఇందులో ఇన్ని పేజీలున్నవి" అని ముందే సర్టిఫై చేసేవారము గదా, మధ్యలో ఒక కాగితం చింపితే తెలియడానికి. పరీక్షల ప్రోగ్రాము కూడా మొదటి వరుసలోనే "1 నుంచి 112 వరకు" అని ప్రకటిస్తుంది. తొంభై దగ్గర ఆగిపోతే, అప్పటిదాకా అన్నీ సరిపోయినా, మొత్తం తప్పినట్టే లెక్క. ఈ ఆచారం లారీ వాల్ అనే ఆయన 1987లో విడుదల చేసిన పెర్ల్ భాషతో మొదలయినది. అలాగే ప్రతి పరీక్షా ఖాళీ గదిలో జరగాలి. ముందు పరీక్ష వదిలిన కాగితాలు తరువాతి దానికి కనబడకూడదు, సభ్యుల అసలు రికార్డుల జోలికి అసలే పోకూడదు. ఈ రోజు తేదీ ఎంత అని ప్రోగ్రాము గడియారాన్ని చూస్తే నేటి జవాబు రేపటికి మారిపోతుంది. అందుకని తేదీని కూడా చీటీలోనే రాసి ఇస్తున్నాము.

కావాలని తప్పు చీటీలు కూడా ఇవ్వాలి. ఇది నాకు ఇష్టమైన భాగం. ఏప్రిల్ 31వ తేదీ ఇచ్చాను. సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టాను. పెన్షను గడి ఖాళీగా వదిలాను. మొదటి రెండింటికీ ఫిర్యాదు చేసింది. మూడవదానికి మాత్రం పెన్షను సున్నా అనుకుని, ఎరియర్సు కూడా సున్నా అని, శుభ్రంగా పట్టీ ఇచ్చి పోయింది! పేరు ఉన్నది, నెలలు ఉన్నవి, కింద గీత ఉన్నది, సొమ్ము మాత్రం లేదు. ఎవరైనా అది చూసి "నాకేమీ రాదు కాబోలు" అని ఇంటికి పోయేవారు. ఇప్పుడు ఖాళీ వదిలితే పట్టీ ఇవ్వదు.

ప్రోగ్రాము మధ్యలో ఆగి "నిశ్చయమేనా?" అని ప్రశ్న వేస్తే జవాబు చెప్పడానికి మనిషి కూర్చోవాలా అని మన ఉపాధ్యక్షులు అడిగారు. అక్కరలేదు. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థలో డాన్ లిబ్స్ అనే ఉద్యోగి 1990లో ఎక్స్‌పెక్ట్ అనే పనిముట్టు తయారుచేశారు. ఈ ప్రశ్న వస్తే ఈ జవాబు చెప్పు అని ముందే రాసిపెడితే మనిషి కూర్చున్నట్టే జవాబిస్తుంది. ప్రభుత్వోద్యోగి చేసిన పని కనుక సభాముఖంగా చెబుతున్నాను.

ఈ విద్యలో అందరికంటే గట్టి పట్టుదల కనబరచినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆచార్యులు డొనాల్డ్ క్నూత్. పుస్తకాల కూర్పు కోసం ఆయన టెక్ అనే ప్రోగ్రాము రాశారు. గణిత గ్రంథాలు ఇప్పటికీ దానితోనే కూర్చుతారు. దానికి ట్రిప్ అని ఒక పరీక్ష పెట్టి, 1984లో ప్రచురించారు. అందులోని రాత చదివితే అర్థముండదు. ప్రోగ్రామును ఎక్కడ ఎలా పడగొట్టాలా అని శత్రువులా ఆలోచించి రాసినది. ఏ కంప్యూటరు మీద ఎవరు టెక్ ను తయారుచేసినా ఆ పరీక్షలో నెగ్గితే గాని ఆ పేరు పెట్టుకోకూడదు. ఇంతా చేసి, తప్పు చూపినవారికి చెక్కు రాసి ఇచ్చేవారు. మన ఆడిట్ పార్టీకి చెక్కు ఇచ్చిన ఆఫీసరును నేను చూడలేదు.

ఇంకొక లెక్క చెబితే మీరు నమ్మరు. మీ జేబులోని ఫోనులో సమాచారం దాచే ఎస్‌క్యూలైట్ అనే సాధనం ఉన్నది. దానిని తయారుచేసినవారు 2023లో చెప్పిన ప్రకారం అసలు ప్రోగ్రాము సుమారు లక్షా యాభై ఆరు వేల వరుసలు. దానిని పరీక్షించడానికి రాసినవి తొమ్మిది కోట్ల ఇరవై లక్షల వరుసలు. 590 రెట్లు! మన 112 చూసి గర్వపడబోయిన నాకు మనవరాలు ఈ సంఖ్య చెప్పింది.

ఇక ముందు జాగ్రత్త పడవలసినది ఒకటున్నది. కార్యవర్గం వారు మినిట్సులో రాసుకోవాలని నా మనవి. ప్రోగ్రాము మార్చినప్పుడు పరీక్షలు చాలా తప్పితే, కొత్తగా వచ్చిన జవాబులన్నిటినీ ఒక్క ఆజ్ఞతో సరియైనవిగా మార్చేసే సదుపాయం ఉన్నది. పట్టీ పైన సంఘం పేరు రెండు వరుసలుగా మార్చినప్పుడు, అచ్చుకు సంబంధించిన ముప్ఫై పరీక్షలు ఒక్కసారిగా తప్పినవి. కుర్రవాడు ఆ ఆజ్ఞ కొట్టబోతుంటే ఆపించి, ముప్ఫైలో తేడాలు ఒక్కొక్కటి చదివించాను. ఇరవై తొమ్మిదింటిలో పేరు తప్ప మార్పు లేదు. ముప్ఫయ్యవదానిలో పేరు కింద ఒక నెల వరుస మాయమయినది. చూడకుండా సంతకం పెట్టే సూపరింటెండెంట్లను మనం ఎరుగుదుము, ఆ ఆజ్ఞ అటువంటిది. జవాబు మార్చాలంటే ఇద్దరు పెద్దలు చూసి సంతకం చేయాలి. కొత్త ఉత్తర్వు వస్తే ముందు పరీక్షలు మార్చాలి, తరువాతనే ప్రోగ్రాము. మీలో ఎవరి పట్టీలో తప్పు దొరికినా ఆ కేసు వెంటనే 113వ పరీక్షగా చేరుతుంది, ఎప్పటికీ తీసివేయము.

కాబట్టి ప్రోగ్రామును నమ్మవచ్చునా అన్న కార్యదర్శిగారి ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ 112 రకాల కేసుల మేరకు నమ్మవచ్చును. ఆ రకాలలో లేని కేసు మీదయితే చేత్తో లెక్క వేయించుకోనిదే పట్టీ పట్టుకుని ట్రెజరీకి పోవద్దు. ఇంకా మా దగ్గర లేనివి చెబుతాను: స్వచ్ఛంద పదవీ విరమణ చేసినవారు, సస్పెన్షను కాలం తరువాత క్రమబద్ధమైనవారు, పెన్షను ఇద్దరికి పంచబడుతున్న కుటుంబాలు, రెండు శాఖల సర్వీసు కలిసినవారు. ఇటువంటి సోదరులు, సోదరీమణులు వచ్చే నెల మొదటి శనివారం ఉదయం పది గంటలకు సంఘ కార్యాలయానికి పి.పి.ఓ. జిరాక్సు తీసుకుని రాగలరు. పేరు, ఖాతా నంబరు ఇంట్లోనే నల్ల సిరాతో కొట్టివేసి తెండి, మాకు తేదీలు, అంకెలు చాలు. రాలేనివారు కబురు చేస్తే మేమే వస్తాము. చేత్తో లెక్కవేయగల పెద్దలు ఇంకొక ఇద్దరు కూడా కావాలి, కాలిక్యులేటరు మేమిస్తాము.